స్టేషన్లో డిస్ప్లే బోర్డు చదవడం ఎలా? గోదావరి జిల్లాల ప్రయాణికులు తరచుగా అడిగే ప్రశ్నలు

నరసాపురం, పాలకొల్లు, భీమవరం, తణుకు, నిడదవోలు, రాజమండ్రి, సామర్లకోట, కాకినాడ. ఈ స్టేషన్లలో బండి కోసం నిలబడ్డవాళ్ళు పక్కవాళ్ళని అడిగే ప్రశ్నలే ఇక్కడ పెట్టాను. చేతిలో ఫోన్ ఉన్నవాళ్ళకి బోర్డు ఒక అదనపు సౌకర్యం. ఫోన్ లేని పెద్దవాళ్ళకి, కూలి పనులకి వెళ్ళేవాళ్ళకి, మైకు వినపడనివాళ్ళకి అదొక్కటే ఆధారం. అందుకని బోర్డు చదవడంతో పాటు అది తప్పుగా ఉన్నప్పుడు ఏం చేయాలో కూడా రాస్తున్నాను.

బోర్డు మీద ఒక్కో వరసలో ఏమేం ఉంటాయి?

ఎడమ నుంచి బండి నంబరు, బండి పేరు, టైము, ఏ లేక డి అనే ఇంగ్లీషు అక్షరం, చివర ప్లాట్‌ఫామ్ నంబరు. ఏ అంటే వచ్చేది, డి అంటే బయలుదేరేది. బోర్డు తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడింటిలో మారుతూ ఉంటుంది. బళ్ళు ఎక్కువగా ఉంటే పేజీలు కూడా మారతాయి. మీ బండి కనపడలేదని వెంటనే కంగారు పడకండి. ఒక చుట్టు పూర్తయ్యేదాకా చూడండి.

అన్నిటికన్నా ముఖ్యం బండి నంబరు. పేరు చూసి ఎక్కకండి, నంబరు చూసి ఎక్కండి. గోదావరి ఎక్స్‌ప్రెస్ విశాఖ నుంచి హైదరాబాద్ వెళ్ళేటప్పుడు 12727, తిరిగి వచ్చేటప్పుడు 12728. గౌతమి కాకినాడ నుంచి లింగంపల్లి వెళ్ళేటప్పుడు 12737, వచ్చేటప్పుడు 12738. పేరు అదే, తేడా అంతా చివరి అంకెలోనే. ఆలస్యమైన రోజు రెండు దిక్కుల బళ్ళూ బోర్డు మీద కిందా పైనా కనిపిస్తే, పేరు మాత్రమే చదివినవాళ్ళు తప్పు ప్లాట్‌ఫామ్ మీద కూర్చుంటారు.

నంబరులో మొదటి అంకె సున్నా ఉంటే?

అది స్పెషల్ బండి. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి మన వైపు వేసేవి చాలావరకు 07తో మొదలవుతాయి. ఆ ఏడు దక్షిణ మధ్య రైల్వేకి గుర్తు. 1, 2 అంకెలతో మొదలయ్యేవి దూరప్రాంతపు ఎక్స్‌ప్రెస్‌లు, 6తో మొదలయ్యేవి దగ్గరి ఊళ్ళ మధ్య నడిచే మెము బళ్ళు. పండగ రోజుల్లో మామూలు బండి, స్పెషల్ బండి ఒకే ఊరికి ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. టికెట్ మీది అయిదు అంకెలూ బోర్డుతో సరిచూసుకున్నాకే కదలండి.

టికెట్ మీద 15వ తేదీ, 00:15 అని ఉంది. స్టేషన్‌కి ఏ రోజు వెళ్ళాలి?

14వ తేదీ రాత్రి భోజనం చేసి బయలుదేరాలి. రైల్వే గడియారం ఇరవై నాలుగు గంటల లెక్కలో నడుస్తుంది. అర్ధరాత్రి పన్నెండు దాటగానే తేదీ మారిపోతుంది. 00:15 అంటే 15వ తేదీ మొదలయ్యాక పావుగంట అయిందన్నమాట. దీన్ని 15వ తేదీ రాత్రి అనుకుని, బండి వెళ్ళిపోయిన మర్నాడు స్టేషన్‌కి వచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఇంట్లో పెద్దవాళ్ళకి టికెట్ తీసినప్పుడు ‘ఫలానా వారం రాత్రి’ అని కాగితం మీద రాసి ఇవ్వండి.

బోర్డు ఒకటి చెప్తుంది, ఫోన్ ఇంకోటి, మైకు మరోటి. దేన్ని నమ్మాలి?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. జవాబు తెలియాలంటే సమాచారం ఎక్కడ పుడుతుందో తెలియాలి.

బండి ఏ స్టేషన్ ఎప్పుడు దాటిందో డివిజన్ కంట్రోల్ ఆఫీసులో నమోదవుతుంది. మన వైపు లైన్లకి అది విజయవాడ. చాలా ఇంజిన్లకి ఇస్రో సాయంతో చేసిన ఆర్‌టీఐఎస్ పరికరం ఉంటుంది. అది ఉపగ్రహం ద్వారా ముప్ఫై సెకన్లకోసారి బండి ఎక్కడుందో పంపుతుంది. ఇదంతా ఎన్‌టీఈఎస్ అనే రైల్వే విచారణ వ్యవస్థలోకి చేరుతుంది. 139కి ఫోన్ చేసినా, రైల్వే యాప్ చూసినా వచ్చేది అక్కడి సమాచారమే. స్టేషన్ బోర్డు కూడా టైమును అక్కడినుంచే తీసుకునే ఏర్పాటు ఉంది.

ప్లాట్‌ఫామ్ నంబరు సంగతి వేరు. ఏ బండిని ఏ లైను మీదకి తీసుకోవాలో స్టేషన్లోనే నిర్ణయిస్తారు. ముందున్న గూడ్సు కదలకపోయినా, ఎదురు బండి ముందే వచ్చినా ఆ నిర్ణయం ఆఖరి నిమిషంలో మారొచ్చు. ఆ మార్పు ముందుగా మైకులో వినిపిస్తుంది, తర్వాత బోర్డు మీదకి వస్తుంది. ఫోన్‌లోకి ఆలస్యంగా రావచ్చు, అసలు రాకపోనూ వచ్చు.

కాబట్టి బండి ఎక్కడుందో ఫోన్‌లో చూడండి. ఏ ప్లాట్‌ఫామ్ మీదకి వస్తుందో బోర్డు చూసి తెలుసుకోండి. ఆ రెండూ తెలిశాక కూడా చెవి మాత్రం మైకు మీదే ఉంచండి. ‘దయచేసి వినండి’ అనగానే మాటలు ఆపి మీ బండి నంబరు కోసం వినండి. ప్లాట్‌ఫామ్ విషయంలో మైకులో అందరికన్నా చివర చెప్పిందే లెక్క.

ఇంకో మాట. ‘వేర్ ఈజ్ మై ట్రైన్’ యాప్ బండి లోపల ఉన్నప్పుడు ఇంటర్నెట్ లేకపోయినా సెల్ టవర్లను బట్టి ఎక్కడున్నామో చెప్తుంది. స్టేషన్లో నిలబడి, రాబోయే బండి కోసం చూడాలంటే మాత్రం డేటా ఉండాలి. సిగ్నల్ లేనప్పుడు పాత సమాచారమే తెర మీద నిలిచిపోతుంది. ఎన్ని నిమిషాల కిందటి సమాచారమో యాప్‌లో రాసి ఉంటుంది, అది కూడా చదవండి.

నలభై నిమిషాలు లేటు అంటే టీ తాగి వద్దామని వెళ్ళాను, ఈలోపు బండి వచ్చేసింది. ఎలా?

రావాల్సిన టైముకి ఇప్పటి ఆలస్యాన్ని కలిపి, వచ్చే టైమును అంచనా కడతారు. సామర్లకోటలో నలభై నిమిషాలు లేటుగా ఉన్న బండి రాజమండ్రికి కూడా అంతే లేటుగా వస్తుందని లెక్క. కానీ టైంటేబుల్లో అక్కడక్కడా కొంత అదనపు సమయం ఉంచుతారు, ముఖ్యంగా పెద్ద జంక్షన్లకి, చివరి స్టేషన్‌కి ముందు. ఆ భాగంలో బండి జోరుగా నడిస్తే ఆలస్యం తగ్గిపోతుంది. ప్లాట్‌ఫామ్ ఖాళీ లేక స్టేషన్ బయట అవుటర్ సిగ్నల్ దగ్గర ఆపితే పెరుగుతుంది. లేటు అంకె ఆ క్షణానికి ఉన్న అంచనా మాత్రమే. స్టేషన్ విడిచి వెళ్ళాల్సివస్తే, చూపించిన ఆలస్యంలో సగం సమయానికే వెనక్కి వచ్చేయండి.

రాజమండ్రి వాళ్ళకి ఒక సులువు ఉంది. విజయవాడ వైపు నుంచి వచ్చే బండి కొవ్వూరు దాటిందంటే వంతెన ఎక్కినట్టే. అప్పుడు సామాను సర్దుకుని లేవండి.

కోచ్ పొజిషన్ బోర్డు నమ్మొచ్చా?

నమ్మొచ్చు. ఎలా చదవాలో తెలిస్తే చాలా మేలు చేస్తుంది.

ప్లాట్‌ఫామ్ పొడవునా పైకప్పుకి చిన్న చిన్న బోర్డులు వేలాడుతుంటాయి. ఒకసారి బండి నంబరు, ఒకసారి కోచ్ గుర్తు చూపిస్తాయి. ఎస్ అంటే స్లీపర్, బి అంటే థర్డ్ ఏసీ, ఏ అంటే సెకండ్ ఏసీ, హెచ్ అంటే ఫస్ట్ ఏసీ, సి అంటే చైర్ కార్, డి అంటే కూర్చునే రిజర్వేషన్ బోగీ. జీఎస్ లేక జీఈఎన్ అని ఉంటే జనరల్. మన వైపు బళ్ళకి జనరల్ బోగీలు ఎక్కువగా ముందూ వెనకా, రెండు చివర్లా ఉంటాయి.

ఇరవై రెండు బోగీల బండి అర కిలోమీటరు పైనే ఉంటుంది. పాలకొల్లు, తణుకు లాంటి చోట్ల చాలా బళ్ళు ఆగేది నిమిషమో రెండు నిమిషాలో. ఆ చివర నిలబడి, ఈ చివర ఉన్న ఎస్1 కోసం పిల్లలతో, బియ్యం బస్తాతో, పచ్చడి జాడీతో పరిగెత్తడం ప్రమాదం. అందుకని బోర్డు వెలగగానే అందులో మొదట చూడాల్సింది బండి నంబరు. ముందు బండి వివరాలే ఇంకా తిరుగుతూ ఉండొచ్చు. అది మీదే అని తేలాక కోచ్ గుర్తు కింద నిలబడండి.

తప్పు ఎక్కడ వస్తుందంటే, దారిలో బండి దిశ మారే జంక్షన్లలో ఇంజిన్ రెండో చివరికి వస్తుంది, బోగీల వరస తిరగబడుతుంది. అదనపు బోగీ తగిలించిన రోజున అన్నీ ఒక్కో స్థానం జరుగుతాయి. బోర్డులో పాత వరసే ఉండిపోతే మీరు నిలబడ్డ చోటికి వేరే బోగీ వస్తుంది. అలాంటప్పుడు ఏ రిజర్వేషన్ బోగీలోనైనా ఎక్కేసి లోపలినుంచి నడిచి వెళ్ళండి. జనరల్ బోగీల్లోంచి, మూసి ఉన్న ప్యాంట్రీ (వంట) బోగీల్లోంచి దారి దొరకదు కాబట్టి వాటికి అవతలి పక్కన ఎక్కకండి. కదిలే బండి వెంట పరిగెత్తకండి.

భీమవరం టౌనా, జంక్షనా? రాజమండ్రా, గోదావరా?

భీమవరానికి రెండు స్టేషన్లున్నాయి. టికెట్ మీద బీవీఆర్‌టీ అంటే టౌన్, బీవీఆర్‌ఎం అంటే జంక్షన్. నరసాపురం లైను జంక్షన్ దగ్గర చీలుతుంది. నిడదవోలు–గుడివాడ మధ్య నడిచే బళ్ళలో కొన్ని ఈ రెండిట్లో ఒక్కచోటే ఆగుతాయి. ఆటో మాట్లాడుకునే ముందే చూసుకోండి.

రాజమండ్రిలో వంతెన దిగగానే వచ్చే చిన్న స్టేషన్ పేరు గోదావరి. పెద్ద స్టేషన్ దాని తర్వాతది. ఊరి పేరు రాజమహేంద్రవరంగా మారినా టికెట్ మీద పాత పేరే కనిపించొచ్చు. దూరప్రాంతం నుంచి వచ్చే బంధువులు ‘గోదావరి’ అన్న బోర్డు చూసి పొరపాటున దిగిపోవచ్చు, ముందే చెప్పి ఉంచండి.

కాకినాడకి టౌన్, పోర్ట్ అని రెండు. పైగా కాకినాడ మెయిన్ లైను మీద లేదు. విశాఖ–విజయవాడ బళ్ళలో చాలావాటికి సామర్లకోటలోనే ఎక్కాలి, దిగాలి.

తెలుగు అక్షరాలు విరిగిపోయినట్టు కనిపిస్తాయి ఎందుకు? అంకెలు కూడా తప్పుగా ఉంటాయా?

పాత బోర్డులు చుక్కల వరసలతో అక్షరాన్ని కడతాయి. ఇంగ్లీషు అక్షరం ఆ కొద్దిపాటి ఎత్తులో హాయిగా ఇమిడిపోతుంది. మనకి పైన గుడులు, కింద ఒత్తులు, పక్కన కొమ్ములు ఉంటాయి. ‘కొవ్వూరు’ రాయాలంటే వకి కింద ఒత్తు, పక్కన కొమ్ము దీర్ఘం రెండూ పట్టాలి. చుక్కలు చాలక ఒత్తు నలిగిపోయి గీతలా మిగులుతుంది. కొత్తగా వచ్చిన రంగుల తెరల్లో అక్షరం చాలా మెరుగ్గా ఉంటోంది. మన భాషలో ఊరి పేరు స్పష్టంగా చదవగలగడం ప్రయాణికుడికి దక్కాల్సిన మర్యాద. పాత బోర్డులు మార్చేటప్పుడు ముందుగా చూడాల్సింది ఇదే.

అంకెల విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. దీపాల్లో ఒక వరస పోతే 8 కాస్తా 0లాగానో 6లాగానో కనిపిస్తుంది. ప్లాట్‌ఫామ్ 3 అని ఉన్నది 8 కావచ్చు, టైములో 18 అనేది 10లా కనపడొచ్చు. బోర్డు కింద నిలబడి ఒక్క నిమిషం చూస్తే తెలిసిపోతుంది. మిగతా వరసలన్నిటిలోనూ అదే చోట నల్లగా గీత ఉంటే అది పోయిన దీపమే. సార్వా కోతల రోజుల్లో సాయంత్రం దీపాలు వెలిగే వేళకి పచ్చపురుగులు బోర్డు అద్దానికి దట్టంగా పట్టేస్తాయి. కింది వరస మొత్తం మూసుకుపోతుంది. సముద్రం దగ్గరి స్టేషన్లలో ఉప్పుగాలికి ఇనుప చట్రాలు తుప్పు పడతాయి. తుడవడం, మరమ్మతు చేయడం మన ప్రాంతంలో ఎక్కువసార్లు జరగాలి.

రీషెడ్యూల్డ్, డైవర్టెడ్ లాంటి మాటలకి అర్థం?

రీషెడ్యూల్డ్ అంటే బండి మొదలయ్యే స్టేషన్ నుంచే ఆలస్యంగా బయలుదేరుతుంది. క్యాన్సిల్డ్ అంటే రద్దు. పాక్షిక రద్దు అంటే దారిలో ఒక స్టేషన్ వరకే వస్తుంది, లేదా మధ్యలో ఒక స్టేషన్ నుంచే మొదలవుతుంది. రెగ్యులేటెడ్ అంటే దారిలో ఎక్కడో కావాలనే ఆపి ఉంచుతారు.

డైవర్టెడ్ అన్నది మనకి ఎక్కువ తగిలే మాట. విజయవాడ–నిడదవోలు మధ్య మెయిన్ లైను మీద పనులు జరిగినప్పుడు కొన్ని బళ్ళని గుడివాడ, భీమవరం టౌన్, తణుకు మీదుగా మళ్ళిస్తారు. అప్పుడు అవి ఏలూరు, తాడేపల్లిగూడెం ముఖమే చూడవు. తాడేపల్లిగూడెంలో ఎక్కాల్సినవాళ్ళు ‘బండి నడుస్తోంది’ అన్న మాటతో సరిపెట్టుకోకుండా ‘ఏ దారిన నడుస్తోంది’ అని అడగాలి. ఈ మార్పులు ముందురోజు పేపర్లలో జిల్లా పేజీల్లో కూడా వస్తుంటాయి.

బండి వచ్చే ముందు ప్లాట్‌ఫామ్ మార్చేశారు. పట్టాలు దాటి వెళ్ళొచ్చా?

వద్దు. 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు గానీ, వెయ్యి రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. చట్టం మాట అలా ఉంచండి, ఎదురు లైను మీద ఆగకుండా పోయే బండి చప్పుడు మన బండి చప్పుడులో కలిసిపోతుంది.

నడవలేని పెద్దవాళ్ళు వెంట ఉంటే మొదటే ఎంక్వైరీలో అడిగి, ఫుట్ ఓవర్ బ్రిడ్జికి దగ్గరగా కూర్చోబెట్టండి. లిఫ్టు ఉందా, ఇప్పుడు నడుస్తోందా అని కూడా అడగండి. ఆఖరి నిమిషంలో ప్లాట్‌ఫామ్ మార్చడం తప్పనిసరి అయినా, మోకాళ్ళ నొప్పులున్న మనిషికి అది ఎంత కష్టమో మైకు పట్టుకున్నవాళ్ళు గుర్తుంచుకుని, మూడు నాలుగుసార్లు తెలుగులో నిదానంగా చెప్పాలి.

బోర్డు మీద మూడు గంటల పైన లేటు చూపిస్తోంది. ప్రయాణం మానుకుంటే డబ్బు వస్తుందా?

మీరు ఎక్కే స్టేషన్లో బండి మూడు గంటల కన్నా ఎక్కువ ఆలస్యమై, ఆ టికెట్ మీద ఎవరూ ప్రయాణం చేయకపోతే పూర్తి డబ్బు వెనక్కి వస్తుంది. ఆన్‌లైన్ టికెట్ అయితే బండి నిజంగా బయలుదేరేలోపు టీడీఆర్ అనే వాపసు దరఖాస్తు పెట్టాలి. కౌంటర్ టికెట్ అయితే ఆ లోపే కౌంటర్లో ఇచ్చేయాలి. బండి వెళ్ళిపోయాక అడిగితే లాభం లేదు. రైలే రద్దయితే ఆన్‌లైన్ టికెట్ డబ్బు దానంతట అదే వస్తుంది.

మాది అమలాపురం. రైలే లేదు. ఇంటి దగ్గరే తెలుసుకోవడం ఎలా?

కోటిపల్లి–నరసాపురం లైను పూర్తయ్యేదాకా కోనసీమ వాళ్ళకి ఈ కష్టం తప్పదు. రాజమండ్రికో, కాకినాడకో, పాలకొల్లుకో బస్సులో వచ్చి రైలెక్కాలి. రాజోలు, సఖినేటిపల్లి వైపు వాళ్ళు పంటు మీద గోదావరి దాటి నరసాపురం చేరతారు. వరదొస్తే పంటు ఆగిపోతుంది, అప్పుడు చించినాడ వంతెన మీదుగా తిరిగి రావాలి. ఇలాంటివాళ్ళకి స్టేషన్లో వెలిగే బోర్డు వల్ల ఉపయోగం తక్కువ. ఇల్లు కదిలే ముందే 139కి ఫోన్ చేసి, బండి నంబరు చెప్పి అడగండి. మామూలు ఫోన్ చాలు. బస్సెక్కాక దారిలో ఇంకోసారి అడగండి. బండి లేటని తెలిసినా ఆఖరి పంటునీ, ఆఖరి బస్సునీ నమ్ముకోకండి.

మా చిన్న స్టేషన్లో బోర్డే లేదు. ఉన్నదీ వెలగదు. ఎవరికి చెప్పాలి?

చిన్న స్టేషన్లలో స్టేషన్ మాస్టరే అన్నీ చూసుకోవాలి. సిగ్నళ్ళు, ఎదురు బళ్ళు, భద్రత ఆయన మొదటి బాధ్యత. బోర్డు నింపడం ఆ తర్వాతే. కాబట్టి ఆయన మీద అరిస్తే పని జరగదు. స్టేషన్లో ఫిర్యాదుల పుస్తకం అడిగి రాయండి. లేదా రైల్వే ఫిర్యాదుల యాప్ రైల్ మదద్‌లో, 139లో నమోదు చేయండి. రాసేటప్పుడు ‘బోర్డు పనిచేయడం లేదు’ అని ఒక్క ముక్కతో వదలకండి. ఏ ప్లాట్‌ఫామ్, ఎన్నో బోర్డు, ఏ రోజు ఎన్ని గంటలకి, ఏ బండికి ఏం తప్పు చూపించిందో రాసి ఫోటో జత చేయండి. ఫిర్యాదు నంబరు దాచుకోండి. ఒక్కరు రాస్తే పక్కన పడొచ్చు. రోజూ తిరిగే సీజన్ టికెట్ వాళ్ళు నలుగురు విడివిడిగా రాస్తే కదలిక వస్తుంది.

స్టేషన్లను బాగుచేసే అమృత్ భారత్ పథకం కింద 2023 ఆగస్టు 6న శంకుస్థాపన జరిగిన స్టేషన్లలో నరసాపురం, భీమవరం టౌన్, నిడదవోలు, తాడేపల్లిగూడెం ఉన్నాయి. సమాచార బోర్డులు మెరుగుపరచడం ఆ పథకంలో భాగమే. ముందు భాగానికి రంగులు వేసి, బోర్డులు పాతవే ఉంచితే ఊరుకోకుండా అడగండి.

పుష్కరాలప్పుడు?

గోదావరి పుష్కరాలు 2015 తర్వాత మళ్ళీ 2027లో. అప్పుడు సున్నా నంబరు బళ్ళు వరసగా వస్తాయి, ప్లాట్‌ఫామ్‌లు మాటిమాటికీ మారతాయి. బోర్డు కింద గుంపుగా నిలబడితే వెనకవాళ్ళకి దారి మూసుకుపోతుంది. చదువుకుని పక్కకి జరగండి. జనం మధ్య తప్పిపోయే పిల్లల, పెద్దల జేబులో బండి నంబరు, కోచ్, ఇంటి ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టండి.

బోర్డు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టొచ్చా?

పెట్టండి, చాలామందికి ఉపయోగం. ఫోటో కింద స్టేషన్ పేరు, తేదీ, తీసిన టైము తప్పకుండా రాయండి. భీమవరం టౌన్‌లో తీసింది జంక్షన్ వాళ్ళకి చేరితే ప్లాట్‌ఫామ్ నంబరు పనికిరాదు. నిన్నటి ఫోటో ఇవాళ తిరిగితే ఎవరో ఒకరు బండి పోగొట్టుకుంటారు. బండి వెళ్ళిపోయాక ఆ ఫోటో గ్రూపులోంచి తీసేయండి.